పైకి బెత్తెడు, లోపల బారెడు

కాలిన గాయాల వార్డులో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే, ఎవరు దేనివల్ల కాలారో చాలావరకు అడగకుండానే తెలిసిపోతుంది. పొయ్యి దగ్గర చీరకొంగు అంటుకున్న ఆడవాళ్లకు కడుపు, ఛాతీ, మెడ కాలి ఉంటాయి. సలసల కాగే సాంబారు మీద ఒలికిన పసిపిల్లలకు భుజాలు బొబ్బలెక్కి ఉంటాయి. మూడో రకం వాళ్లు కొందరుంటారు. ఎక్కువమంది ఇరవైకి, నలభైకి మధ్య వయసు మగవాళ్లు. మంచం మీద లేచి కూర్చుని మాట్లాడుతూ ఉంటారు. అరచేతిలో రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ, అరికాల్లో ఇంకొకటి, అంతే. చూడవచ్చిన చుట్టాలు "పోన్లే, దేవుడి దయవల్ల ఇంతటితో పోయింది" అని ఊపిరి పీల్చుకుంటారు. డాక్టర్లమైన మాకు మాత్రం వార్డు మొత్తంలో ఎక్కువ గుబులు పుట్టేది వీళ్లను చూస్తేనే. వీళ్లు కరెంటు కొట్టినవాళ్లు.

మంట చర్మాన్ని బయటినుంచి కాలుస్తుంది. కరెంటు ఒకచోట ఒంట్లోకి దిగి, ఇంకోచోట నుంచి నేలలోకి పోతుంది, మధ్యలో దారిపొడవునా కాల్చుకుంటూ పోతుంది. ఒంట్లో ఏ భాగం కరెంటుకు ఎక్కువ అడ్డం పడితే ఆ భాగం ఎక్కువ వేడెక్కుతుంది. చర్మం దాటి లోపలికి వచ్చాక అన్నిటికంటే ఎక్కువ అడ్డం పడేది ఎముక. అది కాగి, ఆ వేడికి దాన్ని అంటిపెట్టుకుని ఉన్న కండ ఉడికిపోతుంది. పైపై కండ మాత్రం ఎర్రగా, నవనవలాడుతూ కనిపిస్తుంది. టెంకపురుగు పట్టిన మామిడిపండును కోసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పైన తోలు మీద చిన్న చుక్క కూడా ఉండదు, లోపల టెంక చుట్టూ అంతా నలుపే. దీనికి తోడు రక్తనాళాల లోపలి పొర కూడా దెబ్బతింటుంది. అందులో నెత్తురు గడ్డకట్టి, ఇవాళ బతికి ఉన్న కండ రేపో ఎల్లుండో చచ్చిపోతుంది. అందుకే మొదటిరోజు ఏ డాక్టరూ "చెయ్యి ఉంటుంది" అని గట్టిగా మాట ఇవ్వలేడు.

అసలు ఎంత కరెంటు అయితే ప్రమాదం? జనం వోల్టుల గురించి మాట్లాడతారు కానీ, ఒంట్లోంచి పారింది ఎన్ని ఆంపియర్లు, ఎంతసేపు, ఏ దారిన అన్నదే మనిషిని నిలబెట్టేదీ పడగొట్టేదీ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జియెల్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు ఉండేవారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ల చేతికి తీగ ఇచ్చి, కరెంటును కొద్దికొద్దిగా పెంచుతూ, ఎక్కడిదాకా వాళ్లంతట వాళ్లు తీగను వదలగలరో ఆయన కొలిచారు. మగవాళ్లకు సగటున 16 మిల్లీఆంపియర్లు, ఆడవాళ్లకు పదిన్నర. అది దాటితే మనసు వదలమన్నా చెయ్యి వదలదు. మన ముంజేతిలో వేళ్లను ముడిచే కండరాలు తెరిచే కండరాలకంటే బలమైనవి. రెండూ ఒకేసారి బిగుసుకుంటే పిడికిలి పడిపోతుంది. "కరెంటు లాగేసుకుంది" అని ఊళ్లలో అనేది దీన్నే. తీగ లాగదు, మన చెయ్యే తీగను పట్టుకుంటుంది. ఇంట్లో తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలగడానికి సుమారు 40 మిల్లీఆంపియర్లు కావాలి. చెయ్యి అతుక్కుపోవడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. అదే కరెంటు ఛాతీమీదుగా పోతూ యాభై, వంద మిల్లీఆంపియర్లకు చేరితే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని ఊరికే వణుకుతుంది.

ఎండిన, కాయలు కాచిన అరచెయ్యి కరెంటుకు లక్ష ఓములదాకా అడ్డం పడగలదు. తడిసిన చెయ్యి వెయ్యి ఓములకు పడిపోతుంది. మీరే లెక్క వేసుకోండి. మన ఇంటి 230 వోల్టులే, పొడిచేతికి రెండు మిల్లీఆంపియర్లు, తడిచేతికి రెండువందల పైచిలుకు. వేసవిలో జివ్వుమనిపించి వదిలేసిన ఇనుప దండెమే, వానాకాలం తడిబట్టలు ఆరేసే ఇల్లాలిని చంపేది ఇందుకే. ఆమెను లాగబోయిన భర్తో కొడుకో కూడా పోయాడన్న వార్త ప్రతి వానాకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం. దండేనికి ఇనుప తీగ తీసేసి నైలాను తాడు కట్టుకోవడానికి ఎంతవుతుంది చెప్పండి!

"మా ఇంట్లో ఎంసీబీ ఉంది కదండీ" అంటారు కొందరు చదువుకున్నవాళ్లు. ఎంసీబీ వైర్లను కాపాడడానికి పుట్టింది. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే పదహారు వేల మిల్లీఆంపియర్లు దాటితే తప్ప పడిపోనిది. మనిషి ప్రాణం పోవడానికి వంద చాలు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది చూస్తూ ఉంటుంది. ఎక్కడో మనిషిలోంచి నేలకు కారిపోయి 30 మిల్లీఆంపియర్లు తేడా వస్తే, రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. అమెరికాలో ఇలాంటి పరికరాన్ని 1960ల మొదట్లో తయారుచేసినవారు కూడా ఆ డాల్జియెల్ గారే. చెయ్యి ఎక్కడ అతుక్కుంటుందో కొలిచిన మనిషికే దాన్ని విడిపించే ఉపాయం తట్టడం నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది. ఇల్లు కట్టుకునేటప్పుడు పాలరాతి మీద పెట్టే ఖర్చులో ఒక మూల తీస్తే ఆర్‌సీసీబీ వస్తుంది. దానిమీద టెస్ట్ అని ఒక బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడండి. పడకపోతే అది గోడకు అలంకారమే.

ఇదంతా ఇంటి కరెంటు మాట. మా వార్డును నింపేది వేరే. పొలంలో మోటారు ఆగిపోతే లైన్‌మన్ కోసం ఎదురుచూసి చూసి, పైరు ఎండిపోతోందని తానే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి ఫ్యూజు వేయబోయిన రైతు. మేడమీదికి ఇనుప చువ్వలు లాగుతూ పక్కనే పోతున్న 11 కేవీ లైనుకు తగిలించిన తాపీ పనివాడు. వినాయకుడి ఊరేగింపులో అడ్డమొచ్చిన తీగను ఎత్తబోయిన కుర్రాడు. ఫ్లెక్సీ కట్టడానికి ఇనుప ఫ్రేము నిలబెట్టినవాడు. అడవిపందుల కోసం చేను చుట్టూ ఎవరో కట్టిన కరెంటు తీగ చీకట్లో కాలికి చుట్టుకున్నవాడు. ఆగి ఉన్న గూడ్సు వ్యాగను మీదికి ఫోటో కోసం ఎక్కిన విద్యార్థి. రైలు పట్టాలపైన తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, బాగా దగ్గరికి పోతే చాలు, గాలిమీదుగానే నిప్పు దూకుతుంది. కొన్నివేల డిగ్రీల వేడి అది. బట్టలు అంటుకుంటాయి, మనిషి అంత ఎత్తునుంచి కింద పడతాడు. కరెంటు గాయం, మంట గాయం, ఎముకల గాయం మూడూ ఒకే ఒంటిమీద.

ఆ రైతు సంగతి ఒక్కమాట చెప్పాలి. "ఏబీ స్విచ్ దించే ఎక్కాను సార్" అని చాలామంది అంటారు. నిజమే చెబుతారు. కానీ ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఆ ఏబీ స్విచ్‌లో మూడు బ్లేడ్లు ఉంటాయి. తుప్పు పట్టి ఒకటి పూర్తిగా విడకపోతే ఆ ఫేజులో కరెంటు ఉన్నట్టే. స్విచ్ దించినా దానికి పై వైపు తీగలో కరెంటు పోదు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకుని, లైను చచ్చిందని పరీక్షించి, ఎర్త్ వేసి ఎక్కే పని అది. రైతును తిట్టి లాభం లేదు. పది ఊళ్లకు ఒక లైన్‌మన్ ఉంటే ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో అందరికీ తెలుసు. మన దేశంలో కరెంటు తగిలి ఏటా పదివేల మందికి పైనే చనిపోతున్నారు. బతికి, చెయ్యో కాలో పోగొట్టుకున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు.

సరే, కళ్లెదుట ఒకరు కరెంటుకు చిక్కుకున్నారు. ఏం చేయాలి? ఇంటి కరెంటయితే మెయిన్ ఆపండి. మనిషిని ముట్టుకోకండి. మెయిన్ దూరంగా ఉంటే, పొడిచోట నిలబడి, పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో తీగను తప్పించండి. పెద్ద లైనయితే కర్రను నమ్ముకోవద్దు, దగ్గరికే పోవద్దు. తెగిపడ్డ తీగ చుట్టూ నేలలోనే కరెంటు పరుచుకుని ఉంటుంది. కనీసం పది మీటర్ల దూరంలో ఉండి, సబ్‌స్టేషన్‌కో విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కో ఫోన్ చేసి సరఫరా ఆపించండి. మీరే దగ్గర్లో ఉండిపోతే పెద్ద అంగలు వేయకుండా, రెండు పాదాలూ దగ్గరగా ఉంచి, నేలను వదలకుండా జరుపుకుంటూ బయటికి రండి. ఒక కాలికీ ఇంకో కాలికీ దూరం పెరిగేకొద్దీ వాటి మధ్య వోల్టేజీ పెరుగుతుంది.

కరెంటు పోయాక మనిషి దగ్గరికి వెళ్లండి. పిలిస్తే పలకడం లేదు, ఊపిరి లేదు, లేదా ఎగశ్వాసలా ఉంది. అలాంటప్పుడు మన ఊళ్లలో అందరూ చేసేది అరచేతులు, అరికాళ్లు రుద్దడం. అందులో ప్రేమ ఉంది కానీ గుండెకు అది అందదు. కొన్నిచోట్ల, కరెంటును మట్టి లాగేస్తుందని మనిషిని మెడదాకా ఇసుకలో పూడ్చి కూర్చునేవాళ్లు కూడా ఉన్నారు. తీగ వదిలిన క్షణమే ఒంట్లో కరెంటు అనేది ఏమీ మిగలదు. లాగడానికి అక్కడేం లేదు. ఆ గంటసేపట్లో బతకాల్సిన మనిషి పోతాడు.

చేయాల్సింది ఛాతీ నొక్కడం. ఇది పుట్టిందే కరెంటు షాకుల వల్లనని చాలామందికి తెలియదు. అమెరికాలో లైన్‌మన్లు స్తంభాల మీద పిట్టల్లా రాలిపోతుంటే, ఏదైనా దారి వెతకమని విద్యుత్ కంపెనీలు 1920లలో పరిశోధనకు డబ్బిచ్చాయి. జాన్స్ హాప్కిన్స్‌లో ఆ పనికి దిగినవారిలో విలియం కౌవెన్‌హోవెన్ ముఖ్యులు. ఆయన వైద్యుడు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. లయ తప్పి వణికే గుండెను ఇంకో షాకుతోనే మళ్లీ నడిపించే యంత్రం మీద ఏళ్లపాటు పనిచేశారు. 1958లో ఆయన శిష్యుడు నికర్‌బాకర్ కుక్కల మీద ప్రయోగం చేస్తూ ఒక సంగతి గమనించాడు. బరువైన ఆ యంత్రం పలకలను ఛాతీమీద గట్టిగా అదిమినప్పుడల్లా రక్తపోటు కాస్త లేస్తోంది. షాకు ఇంకా ఇవ్వలేదు, ఉత్త ఒత్తిడికే. జూడ్ అనే సర్జను కూడా వాళ్లతో కలిశాడు. 1960లో ముగ్గురి పేర్ల మీద వ్యాసం వచ్చింది. ఛాతీ కోయకుండా, రెండు చేతులతో బయటినుంచే గుండెను నడిపించవచ్చని లోకానికి తెలిసింది.

పద్ధతి ఇది. వెల్లకిలా గట్టి నేలమీద పడుకోబెట్టండి. ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ ఆనించి, దానిమీద ఇంకో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నొక్కండి. లోతు రెండంగుళాలు. వేగం నిమిషానికి 100 నుంచి 120. రేడియో దగ్గర గోడగడియారం ఉంటే ఇప్పుడే చూసి లెక్కపెట్టండి, సెకనుకు రెండుకు కాస్త తక్కువ. ప్రతిసారీ ఛాతీ మళ్లీ పైకి లేవనివ్వాలి. నేర్చుకున్నవాళ్లు ముప్ఫై నొక్కులకు రెండుసార్లు నోటితో ఊపిరి ఇవ్వండి. నేర్చుకోనివాళ్లు నొక్కుతూనే ఉండండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి, అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. వీళ్లలో చాలామంది పడుచువాళ్లు, నిన్నటిదాకా రాయిలాంటి గుండె ఉన్నవాళ్లు. త్వరగా వదిలేయొద్దు. 1967లో ఫ్లోరిడాలో రాకో మొరాబిటో అనే పత్రికా ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటో ఒకటుంది. నాలుగువేల వోల్టులు తగిలి స్తంభం మీద తలకిందులుగా వేలాడుతున్న లైన్‌మన్‌కు, తోటి లైన్‌మన్ అక్కడే స్తంభం మీదే నోటితో ఊపిరి పోస్తున్నాడు. కిందికి దించేదాకా ఆగలేదు. ఆ మనిషి బతికాడు, ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా జీవించాడు. ఫోటోకు మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఊపిరి ఉన్నవాళ్లకయితే కాలినచోట ఇరవై నిమిషాలు మామూలు కుళాయి నీళ్లు పోయండి. ఐస్ వద్దు. పేస్టు, పసుపు, సిరా, పేడ ఏదీ రాయొద్దు. అవన్నీ కడిగి గాయం చూడడానికే మాకు అరగంట పోతుంది. ఉంగరం, గాజులు, మొలతాడు, మెట్టెలు వాపు రాకముందే తీసేయండి. తర్వాత కోసి తీయాల్సి వస్తుంది. పైనుంచి పడ్డ మనిషయితే మెడ కదపకుండా, పలకలా ఎత్తండి.

ఆసుపత్రికి వచ్చాక మొదట చూసేది గుండె, ఈసీజీ. ఆ వెంటనే మూత్రం గొట్టం వేస్తాం. చుట్టాలకు ఇది వింతగా ఉంటుంది, "గాయం చేతికయితే గొట్టం అక్కడెందుకు సార్?" అని. ఆ సంచిలోకి వచ్చే రంగు చూడడానికి. కాఫీ డికాక్షన్ రంగులో వస్తే లోపల కండ పెద్దఎత్తున చచ్చిపోయిందన్నమాట. చచ్చిన కండలోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాల్లో ఇరుక్కుంటుంది. 1941లో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో, కూలిన ఇళ్లకింద కాళ్లు నలిగినవాళ్లు బయటపడ్డాక బాగానే ఉండి, రోజుల్లో మూత్రం ఆగి చనిపోవడాన్ని బైవాటర్స్, బీల్ అనే ఇద్దరు డాక్టర్లు రాశారు. అక్కడ ఇటుకలు చేసిన పనే ఇక్కడ కరెంటు చేస్తుంది.

దానికి మందు నీళ్లే. మామూలు కాలిన గాయాలకు డాలస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రి పేరుమీద ఒక లెక్క ఉంది. రోగి బరువును కాలిన శాతంతో, దాన్ని నాలుగుతో గుణిస్తే మొదటి 24 గంటలకు ఎన్ని మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ కావాలో వస్తుంది. అరవై కిలోల మనిషికి మూడు శాతం చర్మం కాలితే ఈ లెక్క ముప్పావు లీటరు కూడా ఇవ్వదు. కరెంటు కొట్టిన మనిషికి అంతే ఎక్కిస్తే కిడ్నీలు పోతాయి. కాబట్టి ఇక్కడ చర్మాన్ని చూసి కాక, మూత్రాన్ని చూసి సెలైన్ పెడతాం. మామూలుగా గంటకు 30 నుంచి 50 మిల్లీలీటర్ల మూత్రం వస్తే చాలంటాం. డికాక్షన్ రంగు ఉన్నప్పుడు 75 నుంచి 100 దాకా రప్పించి, రంగు తేలే వరకు అలాగే నడుపుతాం. చిన్న ఆసుపత్రులవాళ్లు ఈ ఒక్క పని మొదలుపెట్టి మా దగ్గరికి పంపినా ఎన్నో కిడ్నీలు దక్కుతాయి.

రెండో పరుగు చేతికోసం. మన ముంజేతిలో, పిక్కల్లో కండలు సాగని గట్టి పొరల సంచుల్లో ఉంటాయి. దెబ్బతిన్న కండ వాస్తే ఆ సంచిలో చోటు చాలదు. ఒత్తిడి పెరిగి నెత్తురు ఆగిపోతుంది. చెయ్యి బిర్రబిగుసుకుంటుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మేం మెల్లగా వేలు చాపితే రోగి కెవ్వుమంటాడు. నాడి అందుతోందిగా అని ఊరుకుంటే మోసం, నాడి చివరిదాకా ఆడుతూనే ఉంటుంది. అప్పుడు మోచేయి దగ్గర్నుంచి అరచేతిదాకా నిలువుగా కోసి ఆ సంచులు తెరవాలి. ఆరుగంటలు దాటితే ఆ కండ తిరిగి రాదు. "చిన్న మచ్చకు చెయ్యంతా కోసేశారు" అని వార్డులో గొడవపడేవాళ్లను చూశాను. వాళ్లను తప్పుపట్టను. చూడ్డానికి భయంకరంగానే ఉంటుంది. కానీ ఆ కోత చేతిని నరకడానికి కాదు, నిలబెట్టడానికి. సంతకం పెట్టమంటే ఊరినుంచి పెద్దాయన వచ్చేదాకా ఆగుతామనే ఆ నాలుగు గంటలే చెయ్యి ఖరీదు.

తర్వాతిది నెమ్మదైన పని. ఒకటి రెండు రోజులకోసారి ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లి, చచ్చిన కండను తీసి, మిగిలినదాన్ని మళ్లీ చూస్తాం. బతికిన కండ కత్తి తగిలితే ముడుచుకుంటుంది, నెత్తురొస్తుంది. శుభ్రమయ్యాక తొడమీంచి పలుచటి చర్మపు పొర తీసి అతికిస్తాం. తీసినచోట రెండు వారాల్లో మానిపోతుంది. ఎముక, స్నాయువు బయటపడి ఉంటే పలుచటి చర్మం అతకదు. దానికి నెత్తురు ఆడే మందపాటి చర్మం కావాలి. గజ్జ దగ్గరి చర్మాన్ని నాలుకలా లేపి, చేతిని అక్కడే కుట్టేస్తాం. మూడు వారాలు చెయ్యి గజ్జకు అతికి ఉంటుంది. ఈలోగా చేతినుంచి కొత్త రక్తనాళాలు దానిలోకి పాకుతాయి, అప్పుడు వేరుచేస్తాం. ఆ మూడు వారాలు పక్కవాళ్లు అన్నం తినిపించాలి, దోమ వాలితే తోలాలి. మీసం దువ్వుకోవడం కుదరక విసుక్కునే కుర్రాళ్లు చాలామంది. ఆ విసుగు చూస్తే మాకు సంతోషం, ప్రాణంమీద తీపి తిరిగొచ్చిందని.

అన్నీ చేసినా చెయ్యో కాలో తీసేయాల్సి రావడం పెద్ద వోల్టేజీ గాయాల్లో అరుదేమీ కాదు. చచ్చిన చేతిని రోజులు గడిపి ఉంచితే విషం ఒళ్లంతా ఎక్కుతుంది. "చెయ్యి లేని కొడుకైనా కావాలి సార్" అని ముందుగా తేల్చుకునేది ఎక్కువగా తల్లులే.

ఇంతా విని, ప్లగ్గు దగ్గర చిన్న షాక్ కొట్టిందని ఎవరూ బెంబేలెత్తనక్కర్లేదు. ఇంటి కరెంటు తగిలి, స్పృహ తప్పకుండా, ఛాతీలో బాధ లేకుండా, ఈసీజీ మామూలుగా ఉంటే సాధారణంగా ఇంటికి పంపేస్తాం. గర్భిణి అయితే మాత్రం బిడ్డను చూపించుకోవాలి. వైరు నోట్లో పెట్టుకున్న పసిపిల్లల సంగతి ఇంకోరకం. పెదవి మూల తెల్లగా కాలి మానుతున్నట్టే ఉంటుంది, వారం పది రోజులకు పొక్కు ఊడినప్పుడు లోపలి ధమని తెగి నెత్తురు చిమ్మవచ్చు. అలా జరిగితే పెదవిని లోపల ఒక వేలు, బయట ఒక వేలు పెట్టి గట్టిగా నొక్కిపట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంటికి వెళ్లాక కూడా ఈ గాయం వదలదు. అతికిన చర్మం బిగుసుకుపోకుండా చెక్కపట్టీలు, వ్యాయామాలు నెలలపాటు కావాలి. నొప్పి అని మానేస్తే వేళ్లు ముడుచుకుని మళ్లీ ఆపరేషనే. తీసేసిన చేతిలో వేళ్లు మండుతున్నాయని రాత్రిళ్లు లేచి కూర్చునేవాళ్లుంటారు. అది పిచ్చి కాదు, నరాల బాధ, దానికి మందులున్నాయి. తలమీదో మెడ దగ్గరో కరెంటు తగిలినవాళ్లకు నెలల తర్వాత, ఒక్కోసారి రెండేళ్లకు కూడా, పాతికేళ్ల వయసులోనే కంట్లో శుక్లం రావచ్చు. చూపు మసకబారితే ఎండదెబ్బో నిద్రలేమో అనుకోకుండా కంటి డాక్టరుకు చూపించుకుని, ఫలానా ఏడాది కరెంటు కొట్టిందని చెప్పండి. శుక్లం ఆపరేషన్‌తో చాలామందికి చూపు తిరిగొస్తుంది. డిశ్చార్జి కాగితాలు పారేయకండి. వైకల్య ధ్రువపత్రానికీ, పరిహారానికీ అవే ఆధారం, ఆ కంటి డాక్టరు అడిగేదీ అవే.